నైపుణ్యం గేటు దాటి వెళ్లకముందే: కాగితం మిల్లుల యాజమాన్యాలకు బహిరంగ లేఖ

కాగితం, గుజ్జు మిల్లుల యాజమాన్యాలకు, ప్లాంట్ హెడ్‌లకు, శిక్షణ విభాగాల బాధ్యులకు,

నమస్కారం.

పేపర్ మెషీన్ మీద చాలా ఏళ్లు పనిచేసి, ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లకు పని నేర్పుతున్న మనిషిగా ఈ ఉత్తరం రాస్తున్నాను. నా విన్నపాల్లో ముఖ్యమైనది ముందే చెప్పేస్తాను. అనుభవం ఉన్న ఆపరేటర్ రిటైరయ్యాక అతని స్థానంలోకి మనిషిని వెతికే పద్ధతి మానేయండి. అతను డ్యూటీలో ఉండగానే, కనీసం ఒక పూర్తి ఏడాది ముందు, అతని పక్కన ఇంకొకరిని నిలబెట్టండి. ఆ ఏడాదీ ఇద్దరికీ జీతం ఇవ్వండి.

బడ్జెట్ మీటింగులో ఇది అదనపు ఖర్చులా కనిపిస్తుందని నాకు తెలుసు. ఒకే పనికి ఇద్దరెందుకని ఫైనాన్స్ వాళ్లు అడుగుతారు. అదే మీటింగులో స్పేర్ ప్రెస్ రోల్ (షీటులోని నీళ్లు పిండే రోలరు) కొనడానికి, అది స్టోర్‌లో ఏళ్ల తరబడి పడి ఉండడానికి ఎవరూ అడ్డు చెప్పరు. ఆ రోల్ లేకపోతే మెషీన్ ఎన్ని రోజులు ఆగుతుందో అందరికీ తెలుసు. మనిషి విషయంలో ఆ లెక్క ఎవరూ వేయరు, ఎందుకంటే మనిషి వెళ్లిపోయిన రోజున మెషీన్ ఆగదు. నాలుగైదు నెలలు పోయాక బ్రేకులు (కాగితం షీటు తెగిపోవడాలు) పెరుగుతాయి, టన్నుకు పట్టే స్టీమ్ పెరుగుతుంది, కస్టమర్ల నుంచి ఫిర్యాదులు మొదలవుతాయి. వాటికీ ఆ రిటైర్మెంట్‌కూ సంబంధం ఉందని అప్పటికి ఎవరికీ తట్టదు.

ఆ వెళ్లిపోయింది ఏమిటో కొంచెం దగ్గర నుంచి చూపిస్తాను.

షీట్ బ్రేక్‌నే తీసుకోండి. హెడ్‌బాక్స్ అనే పెట్టె నుంచి వైర్ అనే జల్లెడ పట్టీ మీదికి దూకే స్టాక్‌లో, అంటే నీళ్లలో కలిపిన గుజ్జులో, 99 శాతానికి పైగా నీళ్లే. వంద బిందెల్లో ఒక్క బిందెడు పీచు ఉంటే ఎక్కువ. వైర్ చివరికి వచ్చేసరికి షీటులో పొడిదనం 20 శాతం దగ్గర ఉంటుంది, ప్రెస్ దాటాక 40 నుంచి 50 శాతం, డ్రయ్యర్ల చివర 92 నుంచి 95 శాతం. మెషీన్ నిమిషానికి 1,200 మీటర్ల వేగంతో నడుస్తోందంటే షీటు సెకనుకు 20 మీటర్లు పోతోందని అర్థం. ప్రెస్‌ను వదిలి డ్రయ్యర్‌ను అందుకునే చోట ఆ షీటులో ఇంకా సగం నీళ్లే. వెనక ఎక్కడ లోపం జరిగినా బయటపడేది ఎక్కువగా అక్కడే. తెగింది ఇక్కడ కాబట్టి తప్పు కూడా ఇక్కడే ఉందనుకుని కొత్తవాళ్లు అక్కడే వెతుకుతుంటారు.

కంట్రోల్ రూమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి ఏం చేస్తుంది? అలారం వచ్చింది, ట్రెండ్ గ్రాఫ్ తెరిచింది, డ్రా (షీటును ముందుకు లాగే వేగపు తేడా) ఎంత ఉందో చూసింది, కాస్త తగ్గించింది, కెమెరా రికార్డింగ్ వెనక్కి తిప్పింది. ఆమెకు నేర్పింది అదే, ఆమె అది సరిగ్గానే చేసింది. ఆపాటికి సీనియర్ కిందికి దిగి, తెగిన ముక్కలు ఏరుకుని వెలుతురుకు పెట్టి చూస్తుంటాడు. రంధ్రం అంచు మెరుస్తూ, వెలుతురు దూరేలా ఉంటే స్లైమ్ (సూక్ష్మజీవుల జిగట) అని అనుమానించి వాసన చూస్తాడు. వేళ్ల మధ్య నలిపితే అంటుకుంటోందంటే అది స్టిక్కీస్, పాత కాగితంతో పాటు వచ్చిన జిగురు. ఎప్పుడూ ఒకే అంచు నుంచి తెగుతుంటే వైర్ దగ్గర అంచు కోసే నీటి జెట్ నాజిల్ చూడమని మనిషిని పంపుతాడు. స్లైమ్ అని తేలితే అడిగే ప్రశ్నలు వేరు: బయోసైడ్ (సూక్ష్మజీవులను చంపే మందు) పంపు మధ్యలో ఆగిందా? గుజ్జు నిలవుండే చెస్ట్ కడిగి ఎన్నాళ్లయింది? ఏ లైనులో ప్రవాహం మందగించింది? పది నిమిషాల్లో అతను ప్రెస్ దగ్గర నుంచి గుజ్జు సిద్ధం చేసే స్టాక్ ప్రిపరేషన్ దాకా వెనక్కి నడిచి వెళ్తాడు. షీటు తెగిన చోట అతని దృష్టి ఎంతోసేపు ఉండదు.

ఇంకో ముడి కూడా ఉంది. షీటు తెగిన ప్రతిసారీ అదంతా పల్పర్ అనే తొట్టిలో పడి, మళ్లీ వాడాల్సిన బ్రోక్ (తుక్కు కాగితం) అవుతుంది. బ్రోక్ టవర్ నిండుతుంది. ఖాళీ చేయాలి కదా అని ఫర్నిష్‌లో (మెషీన్‌కు వెళ్లే గుజ్జు మిశ్రమంలో) బ్రోక్ వాటా పెంచుతారు. దాంట్లో అప్పటికే కలిపిన స్టార్చ్, సైజింగ్ (కాగితం నీళ్లు పీల్చకుండా వేసే రసాయనం), ఫిల్లర్ (సుద్ద లాంటి పొడి) ఉంటాయి. కోటెడ్ గ్రేడ్ అయితే కోటింగ్‌ను అంటించే బైండర్ కూడా ఉంటుంది. వెట్ ఎండ్‌లో (మెషీన్ తడి భాగంలో) రిటెన్షన్ (వైర్ మీద పీచు, ఫిల్లర్ నిలవడం) మారుతుంది, డ్రైనేజీ (నీళ్లు దిగడం) మారుతుంది, ఇంకో బ్రేక్ వస్తుంది. దాంతో ఇంకాస్త బ్రోక్. ఒక రాత్రి షిఫ్టు మొత్తం ఇలాగే తిరుగుతుంటే, టన్నేజీ తగ్గినా పర్వాలేదు, బ్రోక్ మాత్రం పెంచేది లేదని పట్టుబట్టిన మెషీన్ టెండర్‌ను (మెషీన్ నడిపే ముఖ్య ఆపరేటర్‌ను) నేను చూశాను. మెషీన్ వేగం కొంచెం దించి, తాజా పల్ప్ వాటా అలాగే ఉంచి, తెల్లవారేసరికి దారిలోకి తెచ్చాడు. ఆ షిఫ్టు ఉత్పత్తి తక్కువని రిపోర్టులో పడింది. ఆ తర్వాత మెషీన్ ఎంత సాఫీగా నడిచిందో చెప్పే గడి ఆ రిపోర్టులో లేదు.

ఇలాంటివి ఎన్నో. ఫోర్‌డ్రినియర్ రకం మెషీన్‌లో వైర్ మీద నీటి తళుకు ఆగిపోయే గీత ఒకటి ఉంటుంది, దాన్ని డ్రై లైన్ అంటారు. అది కౌచ్ (వైర్ చివరి రోలరు) వైపు జరుగుతోందంటే నీళ్లు దిగడం మందగించిందని అర్థం. పీచును నలిపే రిఫైనర్ లోడ్ ఎక్కువైందా, పీచు మారిందా, స్టాక్ చల్లబడిందా అని అక్కడి నుంచి వెతకాలి. ఆ గీత వెడల్పంతా సమానంగా లేకుండా వేళ్లలా చీలి ఉంటే హెడ్‌బాక్స్ వైపు చూడాలి. డ్రయ్యర్ గ్రూపు డ్రైవ్ తీసుకునే ఆంపియర్లు కారణం లేకుండా పెరిగాయా, ఏదో సిలిండర్‌లో కండెన్సేట్ (స్టీమ్ చల్లబడి మారిన నీళ్లు) నిలిచిపోయి ఉండొచ్చు, దాన్ని బయటికి తీసే సైఫన్ గొట్టం చూడాలి. ఇవి తెలిసినవాళ్లు స్టీమ్ వాల్వు తెరిచే ముందు నాలుగు చోట్ల తిరిగి చూస్తారు. తెలియనివాళ్లు షీటు తడిగా ఉందని స్టీమ్ పెంచుతూ పోతారు. ప్రెస్ దగ్గర పొడిదనం 1 శాతం పెరిగితే డ్రయ్యర్లలో స్టీమ్ సుమారు 4 శాతం ఆదా అవుతుందన్నది మన పరిశ్రమలో అందరికీ తెలిసిన లెక్క. ఫెల్ట్ (ప్రెస్‌లో నీళ్లు పీల్చే గుడ్డ) ఎప్పుడు మూసుకుపోతోందో, దాన్ని కడిగే షవర్ ఎక్కడ సరిగ్గా పడడం లేదో పట్టుకోగలిగే ఆపరేటర్ ఒక్కడు మీ బాయిలర్ ఇంధనం బిల్లులో ఎంత మిగులుస్తాడో ఫైనాన్స్ వాళ్లనే లెక్క కట్టమనండి.

ఇవేవీ ఎస్‌ఓపీలో (పని విధానం రాసిన పత్రంలో) లేవని నేను అనడం లేదు. కొన్ని ఉన్నాయి. కానీ ఎస్‌ఓపీలో ఉండేది ఏం చేయాలో. ఏది చూసి అలా చేయాలో, ఎప్పుడు చేయకూడదో పక్కన నిలబడి చూస్తేనే వస్తుంది.

కాగితం తయారీలో మనిషి నైపుణ్యం అవసరం లేకుండా చేయాలన్న కోరిక ఇవాళ్టిది కాదు. ఫ్రాన్స్‌లో ఎస్సోన్ అనే చోట మిల్లులో పనిచేస్తున్న లూయీ నికొలా రాబేర్ 1799లో ఆగకుండా కాగితం చుట్ట తీసే యంత్రానికి పేటెంట్ తీసుకున్నాడు. చేతితో కాగితం తీసే పనివాళ్లతో మిల్లులో నిత్యం తగాదాలుండేవి, వాళ్ల మీద ఆధారపడకుండా ఉండాలన్నదే ఆ ప్రయత్నానికి ప్రేరణ అని చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. ఆ ఆలోచన ఇంగ్లండ్ చేరి, 1803లో ఫ్రాగ్‌మోర్‌లో నిజంగా పనిచేసే యంత్రంగా మారడానికి బ్రయన్ డాంకిన్ అనే అసాధారణమైన పనిమంతుడు కావలసి వచ్చింది. డబ్బు పెట్టిన ఫోర్‌డ్రినియర్ సోదరులు చివరికి దివాలా తీశారు. నిపుణులు అక్కర్లేదని మొదలుపెట్టిన యంత్రం మొదటి అడుగు వేయడానికే ఒక నిపుణుడి చేయి పడాల్సి వచ్చింది. అప్పటి నుంచి మెషీన్ ఎంత పెద్దదైతే, ఎంత వేగం పెరిగితే, దాన్ని నడిపే మనిషి తప్పుకు మూల్యం కూడా అంత పెరుగుతూ వచ్చింది.

ఆటోమేషన్‌కు నేను వ్యతిరేకిని కాను. స్కానర్ సెకన్ల వ్యవధిలో గ్రామేజ్ (చదరపు మీటరు కాగితం బరువు), తేమ కొలుస్తుంటే ఏ మనిషీ దానితో పోటీ పడలేడు. నా భయం వేరే. ఏళ్ల తరబడి ఆటోలోనే నడిపిన ఆపరేటర్, స్కానర్ ఆగిపోయి మాన్యువల్‌లోకి రావలసిన రోజున ఎక్కడ చేయి పెట్టాలో తోచక బిగుసుకుపోతున్నాడు. ఒక పంపు ట్రిప్ అయితే దాని వెనకాలే అలారాలు వరుసకట్టి తెర నిండిపోతుంది. వాటిలో అసలుది ఏది, దాని వల్ల వచ్చినవి ఏవి అని విడదీయడానికి ప్లాంట్ మొత్తం తలలో ఉండాలి. కొత్తవాళ్ల తలలో ఉన్నది తెర మీద బొమ్మ మాత్రమే. అందుకే కొత్తవాళ్లను ముందు కంట్రోల్ రూమ్‌లో కూర్చోబెట్టకండి. పైపులైను వెంట నడిపించండి, వాల్వుల దగ్గరికి తీసుకెళ్లండి, గుజ్జు ముట్టుకోనివ్వండి. ఆ తర్వాత సిమ్యులేటర్, ఆ తర్వాత కుర్చీ.

ఇప్పటిదాకా చెప్పింది డబ్బు గురించి. ఇక చెప్పబోయేది ప్రాణాల గురించి. ఇక్కడ కొంచెం ఓపిక పట్టి చదవమని వేడుకుంటున్నాను.

2008 జులైలో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, టొమాహాక్‌లో ఒక మిల్లులో ముగ్గురు మెయింటెనెన్స్ కార్మికులు చనిపోయారు. ఒక పెద్ద స్టోరేజ్ ట్యాంకు పైన వెల్డింగ్ చేస్తున్నారు. ఆ ట్యాంకులో ఉన్నది యాసిడ్ కాదు, గ్యాస్ కాదు. వైట్ వాటర్ (వైర్ నుంచి దిగిన, పీచు కలిసిన నీళ్లు), రీసైకిల్ పీచు. మన మిల్లుల్లో ఎవరినడిగినా దాన్ని నీళ్ల ట్యాంకు అనే అంటారు. నిలవ ఉన్న ఆ పీచును గాలి అక్కర్లేని బ్యాక్టీరియా తింటూ హైడ్రోజన్ వదిలింది, అది ట్యాంకు పైభాగంలో చేరింది, నిప్పురవ్వ తగలగానే పేలింది. పని మొదలుపెట్టే ముందు మండే గ్యాసు ఉందేమోనని కొలవలేదని అమెరికా రసాయన భద్రతా బోర్డు దర్యాప్తులో తేలింది.

2017 ఫిబ్రవరిలో లూసియానా రాష్ట్రం డెరిడర్‌లోని మిల్లులో వార్షిక షట్‌డౌన్ జరుగుతోంది. ఫౌల్ కండెన్సేట్ (గుజ్జు వండేటప్పుడు వచ్చే కలుషిత నీళ్లు) ట్యాంకు దగ్గర, పైపు మీద వెల్డింగ్ పని. ఆ ట్యాంకులో కండెన్సేట్ మీద టర్పెంటైన్ అనే మండే నూనె తేలుతోంది, దాని పైన ఆవిరి, గాలి. ట్యాంకు పేలి ఒక ఆరంతస్తుల భవనం మీదుగా ఎగిరి అవతల పడింది. చనిపోయిన ముగ్గురూ కాంట్రాక్టు కార్మికులే, మరికొందరు గాయపడ్డారు. దర్యాప్తు నివేదికలో నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టిన విషయం ఒకటుంది. ఆ ట్యాంకు బాధ్యత ఏ విభాగానిదో మిల్లులో స్పష్టంగా నిర్ణయించలేదట. అందరి కళ్ల ముందూ ఉన్న ట్యాంకు, ఎవరి లెక్కలోనూ లేదు.

అంతకు ముందు 2002 జనవరిలో అలబామా రాష్ట్రంలోని నహియోలా మిల్లులో సోడియం హైడ్రోసల్ఫైడ్ అనే మిల్లు రసాయనం కారి మురుగు కాలువలోకి వెళ్లింది. అదే కాలువలోకి యాసిడ్ వచ్చింది. రెండూ కలిసి హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు పుట్టింది. ఇద్దరు చనిపోయారు, ఎనిమిదిమంది గాయపడ్డారు. చనిపోయిన ఇద్దరూ కాంట్రాక్టు కార్మికులు.

హైడ్రోజన్ సల్ఫైడ్ వాసన గాలిలో ఒక పీపీఎం (పది లక్షల్లో ఒక వంతు) కంటే తక్కువ ఉన్నప్పుడే ముక్కుకు తెలుస్తుంది. కానీ 100 పీపీఎం చుట్టుపక్కలకు వచ్చేసరికి ముక్కు మొద్దుబారి వాసన రావడమే ఆగిపోతుంది. వాసన పోయిందంటే గ్యాసు పోయిందని కొత్తవాళ్లు అనుకుంటారు. గ్యాసు ప్రమాదకరంగా పెరిగినప్పుడు కూడా సరిగ్గా అలాగే అనిపిస్తుంది. 500 దాటితే స్పృహ తప్పడానికి ఎంతోసేపు పట్టదు. కింద పడిన మనిషిని లాగబోయి రెండో మనిషి, వాళ్లిద్దరి కోసం మూడో మనిషి పడిపోవడం మూసిన చోట్ల జరిగే ప్రమాదాల్లో పదే పదే కనిపిస్తుంది. ఈ ఒక్క విషయం ఒక మనిషి మనసులో నాటుకోవాలంటే గేటు దగ్గర చూపించే పది నిమిషాల వీడియో చాలదు.

షట్‌డౌన్ అనేది మిల్లులో అన్నిటికంటే ప్రమాదకరమైన సమయం. ట్యాంకులు తెరుస్తారు, లైన్లు విప్పుతారు, ఒకేసారి పది చోట్ల వెల్డింగ్ జరుగుతుంది. సరిగ్గా ఆ వారమే మిల్లు గురించి అందరికంటే తక్కువ తెలిసిన వందలమంది లోపలికి వస్తారు. మీ శిక్షణ బడ్జెట్ మాత్రం పర్మనెంట్ ఉద్యోగుల తలలు లెక్కపెట్టి వేసింది. కాంట్రాక్టరు తన మనుషులకు తానే నేర్పుకుంటాడని అగ్రిమెంటులో రాసి ఉంటుంది. వెల్డింగ్ నేర్పగలడేమో. మీ ట్యాంకులో ఏముందో అతనికెలా తెలుస్తుంది? అది తెలిసిన మనిషి మీ పాత ఆపరేటర్. ప్రతి హాట్ వర్క్ పర్మిట్ (వెల్డింగ్ లాంటి నిప్పు పనికి ఇచ్చే అనుమతి పత్రం) మీద ఆ ఏరియా ఆపరేటర్ చోటు దగ్గరికి వెళ్లి, ట్యాంకు చరిత్ర చెప్పి, గ్యాసు కొలిచి సంతకం చేయాలి. ఆఫీసులో కూర్చుని చేసే సంతకం వద్దు. పని ఆపేయండి అనే హక్కు కాంట్రాక్టు హెల్పర్‌కు కూడా ఉండాలి. ఆపినందుకు మర్నాడు అతన్ని పనికి రావద్దనే సూపర్‌వైజర్ మీద చర్య ఉండాలి.

రికవరీ బాయిలర్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. క్రాఫ్ట్ మిల్లులో, అంటే కట్టెను రసాయనాలతో ఉడికించి గుజ్జు తీసే మిల్లులో, పల్ప్ కడిగాక వచ్చే బ్లాక్ లిక్కర్ అనే నల్లటి ద్రవంలో ఘనపదార్థం 15 శాతం దగ్గర ఉంటుంది. దాన్ని ఎవాపరేటర్లలో 65 నుంచి 80 శాతం దాకా చిక్కబరిచి బాయిలర్‌లో కాలుస్తాం. కట్టె నుంచి దిగిన లిగ్నిన్ అనే పదార్థం మండి స్టీమ్ ఇస్తుంది, రసాయనాలు కరిగిన స్మెల్ట్‌గా అడుగున దిగుతాయి, దాని వేడి 850 డిగ్రీల చుట్టుపక్కల. ఆ స్మెల్ట్ మీద నీళ్లు పడితే పేలుడే. ఆ నీళ్లు ఉన్నది చుట్టూ గోడల్లోని ట్యూబుల్లోనే. లిక్కర్ పలచబడినా ప్రమాదమే. అందుకే ఘనపదార్థం 58 శాతానికి దిగితే లిక్కర్‌ను ఫర్నేస్‌కు పోనివ్వకుండా దానంతటదే మళ్లించే ఏర్పాటు ఉండాలని ఈ బాయిలర్ల భద్రతా నిబంధనలు చెబుతాయి.

ట్యూబు చిల్లుపడిందన్న అనుమానం ఎప్పుడూ పెద్ద శబ్దంతో మొదలవదు. ఫీడ్ వాటర్‌కూ స్టీమ్‌కూ లెక్క కుదరకపోవడం, డ్రమ్ నీటిలో ఫాస్ఫేట్ కారణం లేకుండా తగ్గడం, చార్ బెడ్ (ఫర్నేస్ అడుగున మండుతున్న గుట్ట) మీద ఒక మూల నల్లబడడం. ఇవన్నీ విడివిడిగా చూస్తే మామూలే. కలిపి చూడగలిగే మనిషి కావాలి. ఆ మనిషి ఎమర్జెన్సీ షట్‌డౌన్ బటన్ నొక్కాలి. అది నొక్కితే బాయిలర్ నీళ్లు దించేయాలి, మిల్లు రోజుల తరబడి ఆగుతుంది. నొక్కాక లీక్ లేదని తేలితే? ఈ టెన్షన్‌తోనే చేయి ఆగిపోతుంది. ఇక్కడ కావలసిన శిక్షణలో సగం ఆపరేటర్‌కు, సగం మీకు. బటన్ నొక్కిన ఆపరేటర్‌ను సంజాయిషీ అడగబోమని మీరు రాతపూర్వకంగా చెప్పాలి. ఒకసారి తప్పుగా నొక్కినప్పుడు ఆ మాట మీద నిలబడాలి. మీరు నిలబడ్డారని తెలిస్తేనే తర్వాతి తరం నొక్కుతుంది.

ఇక మిల్లు మొదట్లో ఉండే మనిషిని మనం అసలు మనిషిగా లెక్కలోకే తీసుకోవడం లేదు. చిప్ యార్డు, అంటే కట్టెను చిప్‌లుగా (చిన్న ముక్కలుగా) కోసే చోటు. క్రాఫ్ట్ వంటలో రసాయన లిక్కర్ చిప్‌లోకి అన్ని వైపుల నుంచీ ఇంకుతుంది కాబట్టి మందం అన్నిటికంటే ముఖ్యం. సుమారు 2 నుంచి 8 మిల్లీమీటర్ల మందం ఉంటే బాగా ఉడుకుతుంది. మందం ఎక్కువైతే లోపల పచ్చిగా మిగిలి నాట్స్‌గా (ఉడకని గట్టి ముక్కలుగా) బయటికొస్తుంది. మరీ సన్నని పొడి ఎక్కువైతే వంట రసాయనమైన ఆల్కలీని తినేసి దిగుబడి తగ్గిస్తుంది. చిప్పర్ కత్తి మొద్దుబారిందని గమనించేది, తడి కట్టె, ఎండు కట్టె కలిసిపోయాయని గమనించేది యార్డులో మనిషే. అతను అందరికంటే తక్కువ జీతంతో, శిక్షణ లేకుండా ఉంటాడు. డైజెస్టర్ (చిప్‌లను ఉడికించే పాత్ర) ఆపరేటర్‌కు కాపా నంబర్ (గుజ్జులో మిగిలిన లిగ్నిన్ కొలత) ఎందుకు ఊగుతోందో అర్థం కాదు, మెషీన్ మీద మాకు ఫ్రీనెస్ (గుజ్జు నీళ్లు వదిలే వేగం) ఎందుకు మారుతోందో అర్థం కాదు. యార్డు మనిషిని నెలకొకసారి డైజెస్టర్ దగ్గరికి తీసుకొచ్చి నాట్స్ చూపించండి. మెషీన్ ఆపరేటర్‌ను కొన్ని వారాలు పల్ప్ మిల్లులో పెట్టండి, పల్ప్ మిల్లు వాళ్లను మెషీన్ మీదికి పంపండి. దీనికి పెద్ద ఖర్చేమీ ఉండదు, విభాగాధిపతులు ఒప్పుకుంటే చాలు.

పని మారుతూ ఉంటుంది కూడా. 1980లలో గుజ్జును తెల్లబరిచే బ్లీచింగ్ మురుగులో డయాక్సిన్లు అనే విష రసాయనాలు బయటపడ్డాక క్లోరిన్ గ్యాసు పోయి క్లోరిన్ డయాక్సైడ్ వచ్చింది. అది దూరం నుంచి తెచ్చుకోలేం, మిల్లులోనే తయారు చేసుకోవాలి. గాఢత పెరిగితే దానంతటదే పేలే గుణం ఉంది. అప్పట్లో బ్లీచ్ ప్లాంట్ ఆపరేటర్లు పాత పనిని సగం మరిచి కొత్త పని నేర్చుకున్నారు. ఇప్పుడు ఎన్నో మిల్లులు రాత కాగితం వదిలి ప్యాకేజింగ్ బోర్డుకు మళ్లుతున్నాయి. అదే మెషీన్, అదే మనుషులు, పీచు వేరు, నాణ్యత కొలతలు వేరు. మెషీన్ మార్పుకు పెట్టిన బడ్జెట్‌లో మనుషుల మార్పుకు ఎంత పెట్టారో ఆ పద్దు ఒకసారి తీసి చూడండి.

ఏడాది అని ఎందుకంటున్నానో చెప్పాలి. మూడు నెలలు సరిపోవా అని మీరు అడగొచ్చు. మిల్లు ఏడాది పొడుగునా ఒకే ముఖంతో ఉండదు. వానల్లో కట్టె వేరు, ఎండల్లో కట్టె వేరు. చలికాలంలో నీళ్లు చల్లబడితే వైర్ మీద డ్రైనేజీ మారుతుంది, ఎండాకాలంలో స్లైమ్ బెడద పెరుగుతుంది. ఏడాదికోసారి పెద్ద షట్‌డౌన్, దాని తర్వాత స్టార్టప్ వస్తాయి. మామూలు రోజుల్లో మెషీన్ నడిపించడం చాలామందికి వస్తుంది. ఆపిన మెషీన్‌ను మళ్లీ లేపడం కొందరికే వస్తుంది. ఒక్క స్టార్టప్ కూడా పెద్దవాళ్ల పక్కన ఉండి చూడని మనిషికి మెషీన్ అప్పగించకూడదు.

మీ దగ్గర ఇప్పుడు జరుగుతున్న శిక్షణ ఎలా ఉందో నాకు తెలుసు, నేనూ దాంట్లో భాగమే. హాల్లో స్లైడ్లు, చివర్లో రిజిస్టర్‌లో సంతకం. ఆడిట్ వాళ్లకు చూపించేది ఆ సంతకమే. దాని బదులు ఒక్కో పనికీ ఒక్కో పరీక్ష పెట్టండి, మెషీన్ దగ్గరే పెట్టండి. ఈ రంధ్రం చూసి కారణం చెప్పు. ఈ ట్యాంకు తెరవాలంటే ముందు ఏమేం చేస్తావో చూపించు. ఫెల్ట్ ఎప్పుడు మారుస్తావు, ఎందుకు? జవాబు చెప్పగలిగినవాళ్లకు గ్రేడ్ ఇచ్చి, ఆ గ్రేడ్‌కు తగ్గట్టు జీతం పెంచండి. సర్వీసు ఏళ్లు లెక్కపెట్టి ఇచ్చే ఇంక్రిమెంటుతో పాటు తెలిసిన పనికి కూడా విలువ కట్టండి. నేర్పినవాళ్లకు కూడా ఇవ్వండి. పక్కవాడికి నేర్పితే తన విలువ తగ్గుతుందని భయపడే మనిషి ఎందుకు నేర్పుతాడు? నేర్పినందుకు జీతం పెరిగితే దాచుకోవలసిన అవసరం ఉండదు.

షిఫ్టుల వారీగా టన్నేజీ పోటీ పెట్టి బోనస్ ఇచ్చే పద్ధతి కూడా ఆలోచించండి. దాని వల్ల ఒక షిఫ్టు తన ఇబ్బందిని తర్వాతి షిఫ్టుకు చెప్పకుండా జారుకుంటుంది. ఫెల్ట్ కడగాల్సి ఉన్నా కడగకుండా వెళ్లిపోతారు, ఆ డౌన్‌టైమ్ పక్క షిఫ్టు ఖాతాలో పడుతుంది కాబట్టి. బోనస్ మెషీన్ మొత్తానికి కలిపి ఇవ్వండి, షిఫ్టు మారేటప్పుడు పావుగంట ఇద్దరూ కలిసి మెషీన్ చుట్టూ తిరిగేలా ఆ సమయానికి వేతనం ఇవ్వండి. నాకు తెలిసిన మంచి ఆపరేటర్లలో చాలామంది ఆ పావుగంటలోనే పని నేర్చుకున్నారు.

వచ్చే షట్‌డౌన్ ప్లాను ఖరారు చేసే ముందు ఒక చిన్న పని చేయండి. రాబోయే మూడేళ్లలో రిటైర్ కాబోతున్న ఆపరేటర్లు, ఫిట్టర్లు, ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్‌లు, ల్యాబ్ వాళ్ల పేర్లన్నీ ఒక షీటు మీద రాయించండి. ఒక్కో పేరు ఎదురుగా ఇప్పుడు అతని పక్కన నిలబడి నేర్చుకుంటున్న మనిషి పేరు రాయించండి. చాలా గడులు ఖాళీగా ఉంటాయి. రికవరీ బాయిలర్ గడులు ముందు నింపండి, ఆ తర్వాత డైజెస్టర్, బ్లీచ్ ప్లాంట్, ఆ తర్వాత మెషీన్. ఆ షీటు మీ ఫైల్లో పెట్టుకోకుండా ప్రతి కంట్రోల్ రూమ్‌లో గోడ మీద అతికించండి. ఏ గడి ఎప్పటికి నిండుతుందో పక్కన తేదీ వేసి, కింద ప్లాంట్ హెడ్ సంతకం పెట్టించండి.

ఇట్లు,
పేపర్ మెషీన్ మీద పనిచేసి, ఇప్పుడు కొత్తవాళ్లకు పని నేర్పుతున్న ఒక కార్మికుడు